ఓరియంట్ హోటలు నుండి షా ఖామోష్ దర్గా వరకు

మిత్రబృందంతో అబిడ్స్ నుండి నాంపల్లికి కాలినడకన పోవు మన విద్యార్థులు తమకు తెలియకుండానే ఒక మహాకవి జీవితం వెంట నడుస్తున్నారు. ఆయన మఖ్దూమ్ మొహియుద్దీన్.

1908లో మెదక్ ప్రాంతపు అందోలులో జన్మించిన మఖ్దూమ్ బాల్యంలోనే తండ్రిని కోల్పోయి పినతండ్రి పోషణలో పెరిగారు. నగరంలో తొలిరోజులలో ఆశ్రయం లేక మసీదులో తలదాచుకొన్నారు. సినిమా తారల చిత్రాలమ్మి పొట్టపోసుకొన్నారు. ఉస్మానియాలో ఎం.ఏ. చదివి సిటీ కాలేజీలో ఉపన్యాసకులైనారు. అట్టి కొలువు ఎంత దుర్లభమో మా వృత్తివారికి బాగా తెలుసు. దానిని వదలి ఆయన కార్మికుల నడుమకు వెళ్ళారు. 1944లో తొలి కవితాసంపుటి ‘సుర్ఖ్ సవేరా’ వెలువడినది. తెలంగాణ సాయుధ పోరాట కాలమంతా అజ్ఞాతవాసమే, 1951లో నిర్బంధం. 1952లో శాసనసభకు, పిదప శాసనమండలికి ఎన్నికైనారు.

పదవి వచ్చినా ఆయన కొలువుకూటం అబిడ్సులోని ఓరియంట్ హోటలే. కవులు, చిత్రకారులు, కార్మిక నాయకులు ఒకే బల్ల చుట్టూ చేరి చాయ్ తాగుతూ గంటల తరబడి వాదించుకొనేవారు. నేడా హోటలు లేదు. మేము విద్యార్థులతో వెళ్ళి విచారించగా అక్కడి దుకాణదారులకే దాని జ్ఞాపకం లేదు.

అక్కడి నుండి నాంపల్లి షా ఖామోష్ దర్గా ఎంతో దూరం కాదు. కమ్యూనిస్టు కవికి సూఫీ సంతుని ప్రాంగణంలో చోటు లభించుట హైదరాబాదు స్వభావానికి తగినదే. ‘బిసాతే రఖ్స్’కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన 1969లోనే, ఆగస్టు 25న ఢిల్లీలో మఖ్దూమ్ కన్నుమూశారు. నగరానికి తెచ్చి ఇక్కడనే ఖననం చేశారు.