ఫార్సీ చదివి తెలుగు పద్యం రాసిన ఉమర్ అలీషా

దిండి దగ్గర చించినాడ వంతెన దాటి వశిష్ఠ గోదావరి అవతలికి వెళ్తే నరసాపురం ఎంతో దూరం లేదు. కవి ఉమర్ అలీషా 1945 జనవరి 23న కన్నుమూసింది ఆ ఊర్లోనే. పుట్టింది 1885లో, పిఠాపురంలో. ఫార్సీ, అరబీ చదువులున్న సూఫీ పీఠం వాళ్లది. ఆయనేమో తెలుగులో, అదీ పద్యం రాశారు! యతి, ప్రాస ఎక్కడ తప్పినా పండితులు ఊరుకోరు. రాసింది ముస్లిం అంటే ఇంకాస్త పట్టి చూస్తారు కదా. ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఇంగ్లీషు పుస్తకం చూసి రాయలేదు, ఫార్సీ నుంచి నేరుగా తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. ఇంటి చదువే ఆయనకు పెట్టుబడి. ప్రవక్త ముహమ్మద్ (స) జీవితాన్నీ తెలుగులో రాశారు, అనసూయ మీద నాటకమూ రాశారు. ఆ పిఠాపురం పీఠం ఇప్పటికీ నడుస్తోంది.