ప్రకృతి చాకిరీకి పద్దు అడిగిన ఆడిటరు

పొందూరు సన్నఖద్దరు గజం ఎంతో దుకాణం చీటీలో ఉంటుంది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, రాట్నం మీద నూలు తీసే ఆడవాళ్ళ కూలి కూడా ఏదో ఒక పద్దులో ఉంటుంది, ఎంత తక్కువైనా సరే. కానీ ఆ చేపను పెంచిన ఏటికి, ఆ కొండపత్తిని పండించిన నేలకి ఏ ఖాతాలోనూ పద్దు లేదు. ఖద్దరు ఉద్యమంలోనే ఉండి ఈ లోటును పట్టుకున్నవాడు జె.సి. కుమారప్ప. ఆయన స్వయానా లెక్కల మనిషి.

1892 జనవరి 4న తంజావూరులో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. లండనులో చార్టర్డ్ అకౌంటెంటు అయి, బొంబాయిలో ఆడిటరుగా పని చేశాడు. తర్వాత అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతూ, మన పేదరికానికి బ్రిటిషు సర్కారు పన్నులూ ఖర్చులూ ఎంత కారణమో లెక్క తీశాడు. 1929లో గాంధీని కలిశాక దొరల వేషం వదిలి ఖద్దరు కట్టాడు. గుజరాతులో మాతర్ తాలూకా పల్లెలు తిరిగి రైతు ఇంటి జమాఖర్చులు రాశాడు. 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని వార్ధాలో నడిపాడు.

జబల్పూరు జైల్లో రాసిన ఆయన పుస్తకం 1945లో అచ్చయింది. శాశ్వతంగా నిలిచే ఆర్థిక వ్యవస్థ ఏదన్నదే అందులో విషయం. సంపద రెండు రకాలన్నాడు. బొగ్గు, పెట్రోలు, ఖనిజాలు గాదెలో గింజల్లాంటివి. తీస్తే తరుగుతాయి, వాటికోసం యుద్ధాలొస్తాయి. నీరు, గాలి, చెట్టు, పశువు, మనిషి కష్టం ఏటికేడూ వచ్చేవి. వాటిని కాపాడుకుంటే తరతరాలకూ అందుతాయి. తేనెటీగ తన తిండి కోసమే తిరిగినా పువ్వుని కాయ చేసి పోతుంది. తీసుకున్నదానికి బదులివ్వని బతుకు దోపిడీ బతుకని ఆయన లెక్క.

ఈ లెక్కని ఆయన భూమి దాకా తెచ్చాడు. కాంగ్రెస్ వేసిన వ్యవసాయ సంస్కరణల కమిటీకి అధ్యక్షుడై, 1949 నివేదికలో దున్నేవాడికే భూమి దక్కాలనీ, దళారీలు పోవాలనీ, కమతాలకు గరిష్ఠ పరిమితి పెట్టాలనీ సిఫార్సు చేశాడు. పాలకులు ఆ నివేదికను ఏం చేశారో భూమిలేని కూలీలకు మేం చెప్పనక్కర్లేదు. 1960 జనవరి 30న ఆయన కన్నుమూశాడు.

యంత్రాల మీద ఆయనకున్న అనుమానం మాకు లేదు. యంత్రం ఎవరి చేతిలో ఉందన్నదే మా ప్రశ్న. అయినా ఆయన అడిగిన పద్దు ఇప్పుడు లోకమంతా అడుగుతోంది. ప్రకృతి ఏటా చేసే చాకిరీ విలువ సుమారు 33 లక్షల కోట్ల డాలర్లని 1997లో కోస్టాంజా బృందం అంచనా కట్టింది. అప్పటి ప్రపంచ దేశాల మొత్తం ఉత్పత్తి 18 లక్షల కోట్లేనని ఆ బృందం లెక్క! 2021లో ఐక్యరాజ్యసమితి ఇలాంటి లెక్కలకు ఒక పద్ధతి కూడా ఆమోదించింది.

లెక్క కట్టడం మంచిదే. కానీ ధర కట్టేది కాపాడడానికా, అమ్మడానికా? మన దేశంలో గనికో, ఫ్యాక్టరీకో అడవి ఇస్తే, కంపెనీ ఆ అడవి విలువ పేరిట సొమ్ము కడుతుంది. ఆ సొమ్ము ప్రభుత్వ నిధిలో చేరుతుంది. ఆకు, కట్టె, చింతపండు, ఊట నీరు పోగొట్టుకున్న గిరిజనుడి పేర ఆ పద్దు ఉండదు. ఆ నీటితో పండే పల్లపు పొలంలో కూలి చేసుకునేవాడి పేరా ఉండదు.

కాబట్టి చెరువు కప్పేస్తామని, కొండ తవ్వుతామని కాగితాలు పట్టుకొచ్చినప్పుడు గ్రామసభలో మనం అడగాల్సినవి మూడే: ఇది మనకిప్పుడు ఏమిస్తోంది? పోతే నష్టం ఎవరిది? లాభం ఎవరిది? ఆ మూడూ రాయని లెక్క, ఎన్ని కోట్లు చూపించినా, దొంగ లెక్కే.