పాపపు లోతులు చూసిన ఫ్రాంస్వా మోరియాక్



కథోలిక రచయిత నవల రాశారంటే అందులో పునీతులో పుణ్యదంపతులో ఉంటారని మీరు ఆశిస్తారు. ఫ్రాన్సు దేశస్థుడైన ఫ్రాంస్వా మోరియాక్ నవల తెరిచి చూడండి. భర్తకు విషం పెట్టే భార్య కనిపిస్తుంది. కన్నబిడ్డలకు చిల్లిగవ్వ దక్కకూడదని లెక్కలు కట్టే ముసలి తండ్రి కనిపిస్తాడు. కథోలికుడై ఉండి ఇంత చెడును ఎందుకు రాయాలని ఆనాటి భక్తిపరులు చాలామంది నొచ్చుకున్నారు. ఆయన జీవితం తెలిస్తే ఆ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

మోరియాక్ 1885 అక్టోబరు 11న బోర్డో నగరంలో పుట్టారు. ద్రాక్షతోటలూ పైన్ అడవులూ ఉన్న కలిగిన కుటుంబం. ఆయనకు రెండేళ్లు నిండకముందే తండ్రి చనిపోయారు. ఐదుగురు పిల్లలను తల్లే పెంచారు. ఆ ఇంటి భక్తి చాలా కఠినమైనది. ఆ ప్రాంతపు కుటుంబాల్లో జాన్సెనిజం ఛాయలు ఇంకా మిగిలి ఉండేవి. జన్మపాపం వల్ల మానవ స్వభావం పూర్తిగా చెడిపోయిందనీ, రక్షణ ఎన్నుకోబడిన కొద్దిమందికేననీ 17వ శతాబ్దంలో పుట్టిన ఆ బోధన ధోరణి. శ్రీసభ దానిని ఖండించింది. జన్మపాపం మన స్వభావాన్ని గాయపరచిందే గాని బొత్తిగా నాశనం చేయలేదని మన సత్యోపదేశం. వినడానికి చిన్న తేడాలాగే ఉంటుంది. కాని గాయమైతే మానుతుంది, కుళ్లిపోయినది మానదు. మోరియాక్ కలం ఈ రెండింటి మధ్యనే నలిగింది.

1906లో బోర్డో కోర్టులో ఒక సంచలన విచారణ జరిగింది. భర్తకు విషం పెట్టిందని ఒక వ్యాపారి భార్యపై నేరారోపణ. భర్తే ఆమె పక్షాన సాక్ష్యం చెప్పాడు. హత్యాయత్నం నేరం వీగిపోయింది, దొంగ మందుచీట్లు రాసినందుకు మాత్రం శిక్ష పడింది. ఆ విచారణ చూడటానికి వెళ్లిన యువకులలో మోరియాక్ ఒకరు. ఆ స్త్రీ ముఖం ఆయన్ను ఇరవై ఏళ్లు వదలలేదు. 1927లో తెరేజ్ దెస్కెరూ అనే నవలగా బయటపడింది.

ఆ కథలో తెరేజ్ చేసిన నేరం ఘోరమైనదే. అయితే భర్త, బంధువులు ఆమెను ఎందుకు కాపాడారు? ప్రేమతో కాదు, పరువు కోసం. కోర్టు నుండి తప్పించి, ఇంట్లో బందీని చేశారు. లోకం అనుమానించకుండా ఆదివారం పూజకు మాత్రం భర్త పక్కన కూర్చోవాలి! పాఠకుడా, ఇక్కడ ఎవరి పాపం పెద్దదో తేల్చడం మీకు సులభం కాదు. చాలా ఏళ్ల తరువాత, 1935లో వెలువడిన మరో నవలలో తెరేజ్‌ను పాపసంకీర్తనానికి తీసుకురావాలని రచయిత ప్రయత్నించారు. ఆ పుటలు రాశారు కూడా. కాని ఆమె పాపాలు వినగల గురువు తన కంటికి కనబడలేదని వాటిని చించివేశారు.

1928లో ఆయనకే పెద్ద సంక్షోభం వచ్చింది. దేవునీ వదలక, లోకాన్నీ వదలక రాస్తున్నారని ఆంద్రే జీద్ అనే రచయిత ఎత్తిపొడిచారు. అది ఆయనకు సూటిగా తగిలింది. మనిషిలోని చెడును రాస్తూ రాస్తూ దానినే రుచిగా వడ్డిస్తున్నానా అని ఆయన తన్ను తాను నిలదీసుకున్నారు. ఒక గురువు సహాయంతో ఆయన విశ్వాసంలో తిరిగి స్థిరపడ్డారు. ఆ తరువాత, 1932లో వచ్చిన నవలకు పాముల ముడి అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ధనికుడైన ముసలి లాయరు భార్యాబిడ్డల మీద కసితో రాసుకున్న పొడుగాటి ఉత్తరం అది. ఆ పాముల ముడి తన గుండెలోనే ఉందని అతడే గుర్తిస్తాడు. ముసలివాడు దేవుని నమ్మడు. పిల్లలేమో పూజ మానరు, తండ్రి ఆస్తి మీద కన్నూ తీయరు. ఆస్తి పంపకాలు దగ్గర నుంచి చూసినవారికి ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు. చివరికి ధనాన్ని వదులుకున్నది ఆ నాస్తికుడే. ఆయన నవలలన్నిటిలో నాకు గొప్పగా తోచేది ఇదే.

1933లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికయ్యారు. 1952లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఆ రెండింటి మధ్య యుద్ధం వచ్చింది. జర్మన్లు ఫ్రాన్సును ఆక్రమించిన రోజుల్లో, 1943లో మారుపేరుతో ఆయన రాసిన ధిక్కార రచన రహస్యంగా అచ్చయింది. 1944లో పారిస్‌కు విడుదల వచ్చాక, శత్రువుతో చేతులు కలిపినవారిని శిక్షించే విచారణలు మొదలయ్యాయి. గెలిచిన పక్షంవాడై ఉండి కూడా మోరియాక్ క్షమ కోసం వాదించారు. న్యాయమే ముందన్న ఆల్బేర్ కామూతో పత్రికల్లో తలపడ్డారు. ఫ్రెంచిలో అస్సీసి పట్టణం పేరూ నేరవిచారణ కోర్టు పేరూ ఒకేలా పలుకుతాయి. అందుచేత ఆయనను కోర్టుల పునీత ఫ్రాన్సిస్ అని ఎగతాళి చేశారు. తనను ఒకప్పుడు పత్రికల్లో దుయ్యబట్టిన రొబేర్ బ్రజియాక్‌కు మరణశిక్ష పడినప్పుడు, ప్రాణభిక్ష కోసం ఆయనే ద గోల్ వద్దకు వెళ్లారు. ఫలితం లేకపోయింది. 1945 ఫిబ్రవరి 6న బ్రజియాక్‌ను కాల్చి చంపారు. ఆ వాదంలో మోరియాక్ మాటే సరైనదని కొన్నేళ్లకు కామూ డొమినికన్ గురువుల ఎదుట ఒప్పుకున్నారు.

1955లో ఎలీ వీజల్ అనే యువ యూదు విలేఖరి మోరియాక్ ఇంటికి వచ్చారు. నాజీల మరణ శిబిరాలలో తల్లిదండ్రులనూ చిన్న చెల్లెలినీ పోగొట్టుకున్నవాడు. మోరియాక్ క్రీస్తు శ్రమల గురించే మాట్లాడుతూ పోయారు. యువకునికి సహనం నశించింది. క్రీస్తుకన్న ఎక్కువ బాధపడిన పిల్లలను తాను చూశానని చెప్పి లేచి వెళ్లిపోయారు. డెబ్భై ఏళ్లకు చేరువైన మోరియాక్ లిఫ్టు దాకా వెంటపడి వెనక్కు పిలుచుకొచ్చారు. ఆయన ముందు కూర్చుని ఏడ్చారు. చూసినదంతా రాయమని ప్రోత్సహించారు. 1958లో ఆ జ్ఞాపకాలు ఫ్రెంచిలో పుస్తకంగా వచ్చాయి. ముందుమాట మోరియాక్‌దే. 1970 సెప్టెంబరు 1న మరణించేదాకా ఇద్దరూ స్నేహితులుగానే ఉన్నారు. మనిషిలోని చెడు గురించి అన్ని నవలలు రాసిన ఆయన, ఆ యువకునికి సిలువ గురించి తాను ఏమీ వివరించలేకపోయాననీ, కన్నీళ్లతో కౌగిలించుకోగలిగానంతేననీ ఆ ముందుమాటలో రాసుకున్నారు.