స్ఫటిక శాస్త్ర కోవిదులు ఆచార్య సూరి భగవంతం

తెలుగుజాతి గర్వించదగిన భౌతిక శాస్త్రవేత్తలలో ఆచార్య సూరి భగవంతం గారు అగ్రగణ్యులు. వీరు 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రులై, 1928లో కలకత్తా చేరి సి.వి. రామన్ గారి శిష్యులయ్యారు. రామన్ ఫలితం వెలుగుచూసిన సంవత్సరమదే. 1932లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకులుగా చేరారు.

పదార్థంపై పడిన కాంతిలో కొంత భాగం రంగు మార్చుకొని వెలువడుతుంది. ఆ మార్పు లోపలి పరమాణువుల కంపనాలను తెలుపుతుంది. ఏ కంపనం కనబడునో, ఏది కనబడదో నిర్ణయించేది పరమాణువుల అమరికలోని సౌష్ఠవం. గణితంలోని సమూహ సిద్ధాంతం ఆధారంగా ఈ నిర్ణయానికి తగిన పద్ధతిని 1939లో టి. వెంకటరాయుడు గారితో కలిసి రూపొందించారు. 1948లో ఇరువురి గ్రంథమూ వెలువడింది.

ఒత్తిడికి లోనైన స్ఫటికంలో కాంతి గమనాన్ని తెలిపే స్థిరాంకాలెన్నో జర్మన్ శాస్త్రజ్ఞుడు పోకెల్స్ పూర్వమే లెక్కకట్టారు. శాస్త్రలోకం దానినే ప్రమాణంగా గైకొన్నది. కొన్ని స్ఫటిక తరగతులలో ఆ సంఖ్య సరికాదని 1942లో భగవంతం గారు నిరూపించారు. పెద్దల లెక్కనైనా సరిచూడక అంగీకరించని స్వభావం వారిది.

1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా, అనంతరం 1962 వరకు బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా పనిచేశారు. 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారులు. 1989 ఫిబ్రవరి 6న పరమపదించారు.

వారి పద్ధతి నేటికీ సజీవం. మాలిబ్డినం డైసల్ఫైడ్ పొరలు పొరలుగా ఉండే అర్ధవాహకం. దానిపై కాంతి సోకినప్పుడు ఎలక్ట్రాను, అది విడిచిన ఖాళీ పరస్పరాకర్షణతో జంట కడతాయి. ఆ జంటయే ఎక్సైటాన్. మందమైన స్ఫటికంలో చుట్టూ ఉన్న పదార్థం ఆ ఆకర్షణను తగ్గిస్తుంది. మిల్లీమీటరులో పదిలక్షవ వంతుకన్న పలుచనైన ఒంటిపొరలోనైతే విద్యుత్ బలరేఖలు చాలవరకు వెలుపలి శూన్యంలోకి పోతాయి. తగ్గింపు స్వల్పం కాగా, జంట బంధం పలురెట్లు దృఢమవుతుంది. పొరలెన్నో తెలుసుకొనుటకు నేడు రామన్ వర్ణపటమొక ముఖ్య సాధనం. అందలి రేఖలను గుర్తించుటకు సౌష్ఠవ విచారణే ఆధారం.

భగవంతం గారు సారథ్యం వహించిన ఆ విజ్ఞాన సంస్థ హోసూరుకు ఎంతో దూరం లేదు. కృష్ణగిరి నుండి వెళ్లే దారీ అదే. ఈ సీమ తెలుగు బిడ్డలకు వారి జీవితం చూపే బాట ఒక్కటే: లెక్కను తామే వేసి చూడటం.