హాకీ వీరుడు ధ్యాన్‌చంద్

డోన్ నుండి నంద్యాలకు పోవు రైలు బేతంచెర్లను సమీపించునప్పటికి నాపరాతి గనులును, పేర్చిన బండలును కన్నులకు కట్టును. అది వానలు తక్కువగు సీమ, నేల గట్టిది. అచ్చటి బాలురు ఆటకు దిగినచో మోకాళ్ళు గీచుకొనిపోక తప్పదు. ఇట్టి రాతినేలయే ఉత్తరమున బుందేల్‌ఖండమునందును కలదు. ఆ సీమలో పేరెన్నికగన్న పట్టణము ఝాన్సీ. రాణీ లక్ష్మీబాయి చరిత్ర చదివిన మీకు ఆ పేరు క్రొత్త కాదు. ఆ పట్టణమునకు మఱియొక కీర్తియు కలదు. అది హాకీ ఆట వలన కలిగినది. దానిని సంపాదించి పెట్టినవాడు ధ్యాన్‌చంద్.

ఆయన 1905 ఆగస్టు 29వ తేదీన అలహాబాదులో జన్మించెను. ఆ దినమునే నేడు మనము జాతీయ క్రీడాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. తండ్రి సమేశ్వర సింగు సైనికోద్యోగి. హాకీ ఆటగాడు కూడ. సైనికుని కాపురము ఒక్కచోట నిలుచునది కాదు గదా! నేడొక ఊరు, రేపొక ఊరు. ఈ తిరుగుడు వలన పిల్లవాని చదువు ఆఱేండ్లకే ఆగిపోయెను. తుదకు ప్రభుత్వమువారు ఇంటి కొఱకు కొంత స్థలమిచ్చుటచే ఆ కుటుంబము ఝాన్సీలో స్థిరపడెను. పుట్టిన ఊరు కాకున్నను ఝాన్సీయే ధ్యాన్‌చందునకు సొంత ఊరయ్యెను.

ఝాన్సీ రైలుమార్గములు కలియు కూడలి. అచ్చట రైల్వే కర్మశాల కలదు. సైనికుల విడిది కలదు. అట్టి చోట్ల ఆ కాలమున హాకీ బాగుగా వ్యాపించెను. అయినను బాల్యమున ధ్యాన్‌చందునకు కుస్తీపై మక్కువ ఎక్కువ. సావాసగాండ్రతో సరదాగా ఆడిన ఆటలే గాని, సైన్యములో చేరుటకు ముందు చెప్పుకొనదగిన హాకీ ఆడినట్లు తనకు జ్ఞాపకము లేదని ఆయన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. గొప్పవారి బాల్యమును వర్ణించునప్పుడు మనము లేనిపోని వింతలు కల్పించుచుందుము. ఆయన మాత్రము ఆ పని చేయలేదు.

1922లో, పదునేడవ యేడు నిండగానే, ఆయన సిపాయిగా సైన్యమున చేరెను. అచ్చట సుబేదారు మేజరు బాలే తివారీ ఆయనకు హాకీ నేర్పెను. పగలంతయు కవాతు, కొలువు ముగిసిన పిదప రాత్రి వెన్నెలలో బంతితో అభ్యాసము చేయుచుండెడివాడట. ధ్యాన్‌సింగు అను పేరు ధ్యాన్‌చందుగా మాఱుటకు ఆ చంద్రుడే కారణమని చెప్పుదురు. 1926లో సైనిక జట్టుతో న్యూజీలండునకు పోయెను. ఆ జట్టు ఆడిన 21 ఆటలలో 18 గెలిచి, ఒక్కటి మాత్రమే ఓడిపోయెను. మరలి వచ్చిన పిమ్మట ఆయనకు లాన్సునాయకు పదవి లభించెను.

1928లో ఆమ్‌స్టర్‌డాం నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో మనవారు మొదటిసారి హాకీ ఆడిరి. ఐదు ఆటలలో 29 గోలులు చేసిరి. ప్రత్యర్థులు ఒక్కటియు చేయలేకపోయిరి. ఆ గోలులలో 14 ధ్యాన్‌చందువే. ఆయన కఱ్ఱలో అయస్కాంతము దాగియున్నదని విదేశీయులు అనుమానించి దానిని విఱిచి చూచిరని ఒక కథ వాడుకలో ఉన్నది. కథ మాట ఎట్లున్నను, ఆయన కఱ్ఱను బంతి విడువకుండుట మాత్రము నిజము.

1932లో లాస్ ఏంజలీస్ క్రీడలకు జట్టును ఎన్నుకొనుటకై పోటీలు జరుపుచుండగా ఆయనకు సైన్యమున సెలవు దొరకలేదు. హాకీ సంఘమువారు పరీక్ష లేకయే ఆయనను ఎన్నుకొనిరి. అమెరికా జట్టుపై మనవారు ఆ యేడు 24 గోలులు చేసిరి. అందు ధ్యాన్‌చంద్ ఎనిమిది, తమ్ముడు రూప్‌సింగు పది చేసిరి!

ఇన్ని విజయములు కలిగినను ఒక కొఱత ఉండెను. సిపాయి బ్రదుకులో సొంత ఊరిలో నిలుచు దినములు అరుదు. ఆయన కాలము దండు విడుదులలోను, ఓడలలోను, పరదేశపు మైదానములలోను గడచుచుండెను. సైన్యము పేరనో, రాష్ట్రము పేరనో, దేశము పేరనో ఆడవలసినదే. ఊరి కుఱ్ఱవాండ్రతో కలిసి ఊరి పేర ఆడుట వీలు చిక్కినప్పుడే. ఝాన్సీలో ఒక జట్టు ఉండెడిది. దాని పేరు ఝాన్సీ హీరోస్, అనగా ఝాన్సీ వీరులు. 1933లో ఆ జట్టు కలకత్తాకు పోయి బైటన్ కప్పు పోటీలో ఆడెను. ధ్యాన్‌చంద్ ఆ జట్టులో ఉండెను.

బైటన్ కప్పు 1895లో ప్రారంభమైనది. దేశమునందలి హాకీ పోటీలలో మిక్కిలి పాతవానిలో అది యొకటి. కలకత్తా ఆనాడు హాకీకి పెట్టినది పేరు. నగరపు జట్లలో కలకత్తా కస్టమ్సు జట్టు ప్రసిద్ధమైనది. షౌకత్ అలీ, అసద్ అలీ, మొహ్సిన్ వంటి ఆటగాండ్రు అందుండిరి. తుది ఆటలో ఆ జట్టే ఝాన్సీవారికి ఎదురుపడెను. ఊరు పరాయిది, ఎదుట నున్నవారు ఆ ఊరివారు.

కస్టమ్సువారు ఝాన్సీవారి గోలుపై విజృంభించిరి. ఎంత సేపటికిని ఎవరికిని గోలు దొరకలేదు. అట్టి సమయమున ధ్యాన్‌చంద్ వారిని చీల్చుకొని వచ్చి, మైదానము నడుమనుండి బంతిని దూరముగా ఇస్మాయిలునకు అందించెను. ఇస్మాయిల్ సగము మైదానము బాణమువలె పరుగెత్తెను. బంతిని ఆపవలసినవాడు తాను కాడని, రెండవవాడని ప్రత్యర్థి ఆటగాడును, గోలు కాచువాడును తడబడినట్లున్నారు. ఆ తడబాటే ఇస్మాయిలునకు చాలెను. అతడు లోనికి దూసికొనిపోయి గోలు చేసెను. ఆ ఆటలో గోలు అదియొక్కటే. కప్పు ఝాన్సీకి దక్కెను.

పిమ్మట 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలకు ఆయన నాయకుడై వెళ్ళెను. పోటీలకు ముందు అభ్యాసముగా ఆడిన ఆటలో జర్మనీవారు మనవారిని 4-1 గోలులతో ఓడించిరి. ఆ భయము అందఱ మనస్సులలోను ఉండెను. ఆగస్టు 15వ తేదీన జరిగిన తుది ఆటలో మొదటి సగము ముగియునప్పటికి మనవారు చేసినది ఒక్క గోలే. అంతట ధ్యాన్‌చంద్ ముండ్ల బూట్లు, మేజోళ్ళు విడిచి, రబ్బరు అడుగుల జోళ్ళతో ఆడెను. ఆట 8-1 గోలులతో ముగిసెను. ఆ దేశపు ఏలిక హిట్లరు కాలమది. అట్టి చోట అట్టి విజయము!

1952లో వెలువడిన స్వీయచరిత్ర నాటికి ఇవన్నియు ఆయన వెనుక ఉన్నవి. మూడు ఒలింపిక్ స్వర్ణపతకములు కలవు. అయినను తన జీవితమున ఆడిన ఆటలలో శ్రేష్ఠమైనదేది యని ఎవరైన అడిగినచో, 1933 నాటి కలకత్తా ఆటయే యని సందేహము లేక చెప్పుదునని ఆయన అందులో వ్రాసెను. అది ఆయన గోలు చేసిన ఆట కాదు, అందించిన ఆట. ప్రపంచమంతయు తిరిగిన వానికి ఒక ఊరి జట్టు గెలుచుట ఇంత ముద్దుగా తోచుట చిత్రముగా ఉండవచ్చును. కాని, సెలవు దినములలోనే ఊరిని చూచువానికి ఊరి పేర గెలిచిన ఆట అట్లే ఉండును.

1956లో ఆయన మేజరు పదవిలో నుండి విశ్రాంతి గొనెను. ఆ యేడే పద్మభూషణ బిరుదము లభించెను. కొంతకాలము పటియాలాలోని జాతీయ క్రీడాశిక్షణ సంస్థలో హాకీ నేర్పెను. చివరి దినములు ఝాన్సీలో గడపుచు, జబ్బుపడి ఢిల్లీలో 1979 డిసెంబరు 3వ తేదీన మరణించెను. ఆయన దేహమును ఝాన్సీకి తెచ్చిరి. శ్మశానమునకు మాత్రము గొనిపోలేదు. ఝాన్సీ హీరోస్ జట్టు ఆడు మైదానముననే చితి పేర్చిరి. అనుమతికి మొదట కొంత చిక్కు కలిగినను, పిదప అది లభించెను. పంజాబు రెజిమెంటువారు సైనిక మర్యాదలు జరిపిరి.