పూర్ణ హృదయముతో పనిచేసిన బిషప్ అజరయ్య గారు

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్ అని మన సంఘస్థులందరూ ఎరుగుదురు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో జరిగిన ఆ అభిషేకమునకే మన ఉపన్యాసములలో ఎక్కువ చోటు దక్కుతుంది. అంతకు మూడేండ్ల ముందు ఆయన తీసుకొన్న నిర్ణయమే నాకు ఇంకా పెద్దదిగా తోస్తుంది.

ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతములో ఒక పల్లెటూరి గురువుగారి ఇంట జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శి అయ్యారు. 1903లో తిరునెల్వేలి సంఘస్థులు స్వదేశీ మిషనెరీ సంఘమును స్థాపించినప్పుడు వారిని పురికొల్పినవారిలో ఆయన ముఖ్యులు. విదేశీ ధనము ముట్టకుండా మనవారి కానుకలతోనే పని జరగవలెనని ఆ సంఘము నియమము పెట్టుకొన్నది. నైజాం రాజ్యములోని దోర్నకల్‌కు సేవకులను పంపినది ఆ సంఘమే. ఇతరులను పంపి తాను పట్నములో ఉండుటకు అజరయ్య గారి మనస్సు ఒప్పలేదు. మంచి ఉద్యోగము విడిచి, 1909లో గురువుగా అభిషేకము పొంది, భార్య అన్బు అమ్మగారితో దోర్నకల్ వచ్చేశారు. మాతృభాష తమిళము. ముప్పదియైదేండ్ల వయస్సులో తెలుగువారి మధ్య కాపురముండి, తెలుగులోనే బోధించారు.

బిషప్ అయిన తరువాత కూడ ఎద్దుబండి మీద, కాలినడకన పల్లెలు తిరిగారు. బాప్తిస్మము పొందినవారు తమ చేయి తమ తలమీదనే ఉంచుకొని, సువార్త చెప్పవలసిన భారము తమ మీద ఉన్నదని ఒప్పుకొనేవారు. ప్రసంగములో మురికి, రోగము, అప్పు, త్రాగుడు అనే నాలుగు దయ్యముల సంగతి కూడ వచ్చేది. ఆయన దృష్టిలో ఇంటి ముంగిలి ఊడ్చుట కూడ భక్తిలోనిదే. గురువుల శిక్షణ కొరకు వచ్చినవారి భార్యలకు సైతం దోర్నకల్‌లో చదువు చెప్పించారు.

కానుకల విషయమే కష్టమైనది. సంఘస్థులలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కూలివారు. ఒక పూట తిని ఒక పూట పస్తుండే వారిని ఏమని అడుగుదుము? ఈ మాట ఈనాడు మన పాస్టరేట్ కమిటీలలో కూడ వింటాము. అనేవారు చాలాసార్లు కడుపునిండినవారే! అజరయ్య గారు అడిగారు. వంటకు బియ్యము కొలిచేటప్పుడు ప్రభువు కొరకు ఒక పిడికెడు వేరుగా తీసి ఉంచుట, కోతల కాలములో తొలి పంట తెచ్చుట పేదల ఇండ్లలోనే వేళ్లూనింది. ఇచ్చే హక్కు పేదవానికీ ఉన్నదని ఆయన నమ్మారు. క్రైస్తవుని ఈవిని గూర్చి ఇంగ్లీషులో ఒక గ్రంథము కూడ వ్రాశారు.

దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. మసీదు గుమ్మటములను, దేవాలయపు మండప స్తంభములను తలపించే ఆ కట్టడము లేవడానికి చాలా ఏండ్లు పట్టింది. మధ్యలో డబ్బు లేక పని ఆగినా, ఆయన పల్లెల పర్యటన ఆగలేదు.

డెబ్బదియేండ్లు నిండినా తిరుగుట మానలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. కెథడ్రల్ ప్రక్కనే సమాధి చేశారు. 1919లో తరంగంబాడి సమావేశము నాటినుండి ఆయన పాటుపడిన దక్షిణ ఇండియా సంఘ ఐక్యత 1947 సెప్టెంబరు 27న నెరవేరింది.