బల్బు పగలగొట్టిన మేనేజరు

1881 డిసెంబర్ 28. లండన్‌లోని సవాయ్ థియేటర్. ఆట చూడ్డానికి వచ్చిన జనం ముందుకి థియేటర్ యజమాని స్వయంగా వచ్చి నిలబడ్డాడు. వెలుగుతున్న ఒక ఎలక్ట్రిక్ బల్బుకి, ఇట్టే అంటుకునే పల్చటి మస్లిన్ గుడ్డ చుట్టి, అందరూ చూస్తుండగా టప్పున పగలగొట్టాడు. బల్బు ఆరిపోయింది. గుడ్డకి ఏమీ కాలేదు.

మనకిది స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్‌లా అనిపించొచ్చు. కానీ సరిగ్గా ఇరవై రోజుల ముందే వియన్నాలో రింగ్ థియేటర్ తగలబడి వందలమంది చనిపోయారు. మంట మొదలైంది స్టేజీ గ్యాస్ దీపాల దగ్గరే. అలాంటి రోజుల్లో టికెట్ కొని లోపల కూర్చోవాలంటే ఎవరికైనా గుండె పీచుపీచుమంటుంది కదా. ఆ భయం పోగొట్టడానికే ఈ బల్బు ప్రయోగం. చేసినవాడి పేరు రిచర్డ్ డాయిలీ కార్ట్.

1844లో లండన్‌లో పుట్టాడు. తండ్రి ఫ్లూట్ వాయిద్యకారుడు, సంగీత వాయిద్యాలు తయారుచేసే కంపెనీలో భాగస్వామి. కార్ట్ యూనివర్సిటీ కాలేజీలో చేరి, చదువు మధ్యలోనే వదిలేసి నాన్న వ్యాపారంలోకి వచ్చేశాడు. (మన పేరెంట్స్‌కి ఈ లైను చూపించకండి.) కొన్ని పాటలు, చిన్న ఆపెరాలు కూడా రాశాడు. అవి పెద్దగా నిలవలేదు. తనకన్నా బాగా రాసేవాళ్ళని వెతికి పట్టుకోవడమే తన అసలు విద్య అని త్వరగానే అర్థం చేసుకున్నాడు.

అప్పట్లో లండన్‌లో బర్లెస్క్ ఊపు మీద ఉంది. అందరికీ తెలిసిన పురాణకథనో, ఆపెరానో తీసుకుని దాన్ని వెక్కిరిస్తూ పేరడీ పాటలు, శ్లేషలతో నడిపే ఆట అది. నటీమణులు బిగుతు దుస్తుల్లో మగవేషాలు కట్టేవారు. జనం విరగబడి చూసేవారు గానీ, మధ్యతరగతి వాళ్ళు కుటుంబంతో వెళ్ళడానికి మొహమాటపడేవారు. అందరూ కలిసి కూర్చుని నవ్వగలిగే ఇంగ్లీష్ హాస్య సంగీత నాటకం కావాలని కార్ట్ కల. తమాషా ఏంటంటే, దానికి ఆయన ఎంచుకున్న రచయిత డబ్ల్యూ.ఎస్. గిల్బర్ట్ కూడా బర్లెస్క్‌లు రాసి చెయ్యి తిప్పుకున్నవాడే. సంగీతం ఆర్థర్ సలివన్‌ది. ఆ ఇద్దరూ 1871లో ఒకసారి కలిసి పనిచేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. 1875లో రాయల్టీ థియేటర్‌లో ఆఫెన్‌బాక్ ఆపెరాకి తోడుగా ఒక చిన్న నాటిక కావాల్సొచ్చి, మేనేజరుగా ఉన్న కార్ట్ మళ్ళీ వాళ్ళని కలిపాడు. అలా వచ్చిందే 'ట్రయల్ బై జ్యూరీ'.

1878లో 'హెచ్.ఎం.ఎస్. పినఫోర్' మొదలైనప్పుడు ఎండలు మండిపోయి టికెట్లు తెగలేదు. కార్ట్ వదల్లేదు. చివరికి అది 571 ప్రదర్శనలు ఆడింది. లాభాలు కనిపించగానే పెట్టుబడి పెట్టిన డైరెక్టర్లకి ఆశ పుట్టింది. 1879 జూలై 31 రాత్రి, ఆట నడుస్తుండగానే, సెట్లు ఎత్తుకుపోవడానికి మనుషుల్ని పంపారు. నటులు, స్టేజీ పనివాళ్ళు తెర వెనక వాళ్ళతో కొట్లాడి ఆపారు!

అమెరికాలో మరో తలనొప్పి. విదేశీ నాటకాలకి అక్కడ కాపీరైట్ లేదు. పినఫోర్‌ని ఎవడికి తోచినట్టు వాడు ఆడేసుకున్నాడు, పైసా ఇవ్వకుండా. అందుకే తర్వాతి నాటకం 'పైరేట్స్ ఆఫ్ పెంజాన్స్'ని 1879 డిసెంబర్ 31న న్యూయార్క్‌లోనే విడుదల చేశారు. బ్రిటన్ హక్కులు కూడా దక్కాలి కాబట్టి, ముందురోజు ఇంగ్లండ్‌లో పేంటన్ అనే చిన్న ఊళ్ళో, చేతుల్లో కాగితాలు పట్టుకుని ఒక్క ఆట ఆడించారు. ఆ ఏర్పాటు చూసింది కార్ట్ సహాయకురాలు హెలెన్ లెనోర్. లెక్కల్లో, ఒప్పందాల్లో ఆమెది గట్టి బుర్ర. 1888లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

ఇక సవాయ్. 1881 అక్టోబర్ 10న తెరిచారు. జోసెఫ్ స్వాన్ తయారుచేసిన దాదాపు 1,200 బల్బులు, పక్క ఖాళీ స్థలంలో జనరేటర్. పూర్తిగా కరెంటుతో వెలిగిన మొదటి ప్రజాభవనంగా దీనికే పేరు. అయితే మొదటిరోజు జనరేటర్ చాల్లేదు. హాలుకి కరెంటు, స్టేజీకి గ్యాసు. (మన ఫెస్ట్‌కి లైటింగ్ చూసే బ్యాచ్‌కి ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు.) డిసెంబర్ 28 నాటికిగానీ స్టేజీ మొత్తం కరెంటు మీదికి రాలేదు. మరుసటి ఏడాది 'అయొలాంతే'లో దేవకన్యల జుట్టులో బ్యాటరీతో వెలిగే చిన్న దీపాలు పెట్టారు.

నాకు బల్బులకన్నా నచ్చింది వేరే ఉంది. ప్రోగ్రామ్ కాగితం ఉచితం. సిబ్బంది టిప్పులు అడగకూడదు. చవక సీట్ల దగ్గర తోసుకోకుండా క్యూ. జేబులో కొద్దిపాటి డబ్బుతో వచ్చినవాడికి కూడా మర్యాద దక్కాలన్న పట్టింపు అది.

ప్రేక్షకుడి దగ్గర ఇంత నిక్కచ్చిగా ఉన్న మనిషి సొంత స్నేహితుడి దగ్గర లెక్కలో జారాడు. ఖర్చులు పోగా మిగిలినది ముగ్గురూ సమానంగా పంచుకోవాలని ఒప్పందం. 1890లో గిల్బర్ట్ పద్దు చూస్తే, థియేటర్‌లో వేసిన కొత్త తివాచీలు కూడా నాటకం ఖర్చులో కనిపించాయి. థియేటర్ నీది, తివాచీ మీద మాకు కోత ఏమిటని ఆయన వాదన. నా మటుకు నాకు ఆ ప్రశ్నలో తప్పు కనిపించదు. సలివన్ మాత్రం కార్ట్ పక్షం చేరాడు. తను ఎప్పట్నుంచో కలలుగన్న గంభీరమైన ఆపెరా కోసం కార్ట్ కొత్త థియేటర్ కడుతున్నాడు మరి. గొడవ కోర్టుకెక్కింది. 672 ఆటలు ఆడిన 'మికాడో' లాంటి నాటకం ఇచ్చిన ముగ్గురు ఒక తివాచీ దగ్గర విడిపోయారు.

ఆ కొత్త థియేటర్ 1891లో సలివన్ 'ఐవన్హో'తో తెరుచుకుంది. దాని తర్వాత ఆడించడానికి సరైన ఆపెరాలు సిద్ధంగా లేవు. కార్ట్ దాన్ని అమ్ముకోవాల్సొచ్చింది. హెలెన్ ఓపిగ్గా మధ్యవర్తిత్వం చేసి ముగ్గుర్నీ మళ్ళీ కూర్చోబెట్టింది. 1893లో ఒకటి, 1896లో ఒకటి వచ్చాయి, పాత ఊపు రాలేదు. 1900 నవంబర్‌లో సలివన్ పోయాడు. అప్పటికే మంచంలో ఉన్న కార్ట్ 1901 ఏప్రిల్ 3న కన్నుమూశాడు. కంపెనీని హెలెన్ చేతుల్లోకి తీసుకుంది. ఆమె తర్వాత కార్ట్ కొడుకు రూపర్ట్, ఆ తర్వాత మనవరాలు బ్రిడ్జెట్. 1982 దాకా అవే నాటకాలు ఆడుతూనే ఉన్నారు.